కొబ్బరితోటలో దొరికిన ఏడో నంబరు బ్యాడ్జీ

1998 మార్చి నెలలో నేను రాజోలు దగ్గర గ్యాస్ పైపులైను పని మీద ఉన్నాను. తాటిపాక వైపు వెళ్ళే కొత్త లైను అది. పని ఒక కాంట్రాక్టు కంపెనీది, అందులో నేను సర్వే టెక్నీషియన్ని. మా సొంతూరు కొత్తపేట పక్కనే కాబట్టి ఆ నేల, ఆ బోదెలు, ఆ మాట తీరు నాకు కొత్తవి కావు. అయినా పని మీద వెళ్ళినప్పుడు ఊరు ఇంకోలా కనిపిస్తుంది. పైన ఏముందో చూసుకుంటూ పెరిగినవాణ్ణి, అడుగున ఏముందో చూడ్డం అక్కడే నేర్చుకున్నాను.

పైపు వెయ్యడానికి ముందు రైతు పొలంలో పద్దెనిమిది మీటర్ల వెడల్పున మేకులు పాతుతాం. దాన్ని రైట్ ఆఫ్ యూజర్ అంటారు. భూమి రైతుదే, లోపల పైపు వేసుకునే హక్కు మాత్రం మాకు. పొక్లెయిన్ వచ్చి కందకం తవ్వేలోపు ఆ పట్టీ అంతా నేను మెటల్ డిటెక్టర్‌తో నడవాలి. పొడుగాటి గొట్టం చివర పళ్ళెంలాంటి చుట్ట, చెవులకి హెడ్‌ఫోన్లు. ఆ ప్రాంతంలో అంతకుముందు తవ్విన గ్యాసు బావుల పాత గొట్టాలు ఎక్కడెక్కడున్నాయో కాగితాల్లో సరిగ్గా ఉండేది కాదు. పంచాయతీ నీళ్ళ గొట్టాలు, టెలిఫోను కేబుళ్ళు సరేసరి. తెలియకుండా పొక్లెయిన్ పన్ను ఒక పాత గ్యాసు గొట్టానికి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని మోత వినిపించిన ప్రతిచోటా ఆగి, చేత్తో తవ్వించి, అదేమిటో చూసి ఫీల్డ్ బుక్కులో రాసేవాణ్ణి. చైనేజి ఇంత, అంటే లైను మొదలైన చోటు నుంచి ఇన్ని మీటర్లు. ఆఫ్‌సెట్ ఇంత, అంటే మధ్య గీతకి ఎడమకో కుడికో ఇంత దూరం. లోతు ఇంత.

నిజం చెప్పాలంటే, దొరికిన వాటిల్లో నూటికి తొంభై మేకులు, సైకిలు చువ్వలు, కొడవలి ముక్కలు. వాటన్నిటికీ కలిపి ‘స్క్రాప్’ అని ఒక్క మాట రాసేసేవాణ్ణి.

దారిలో ఒక లంక ఊళ్ళో, భద్రరాజు గారనే రైతు ఆరెకరాల కొబ్బరితోట మీదుగా మా లైను వెళ్ళింది. తొంభై ఆరు తుఫానుకి ఆ తోటలో నాలుగు వరుసల చెట్లు పడిపోయేయి. ఇంకా చెట్లు కొట్టనక్కర్లేకుండా ఆ ఖాళీలోంచే గీత గీసేరు ఇంజనీర్లు. నాతో తవ్వడానికి సత్తియ్య అని యాభై ఏళ్ళాయన ఉండేవాడు. గునపం దింపే తీరు చూస్తే, పూలమొక్క పాతుతున్నాడా అనిపించేది. అంత నెమ్మది.

ఒక రోజు పొద్దున్న తోటలో కాలవ వైపు హెడ్‌ఫోన్లో గట్టి మోత వచ్చింది. రెండడుగులు తవ్వితే ఇనుప గొట్టం మొద్దు కనిపించింది. నిలువుగా ఉంది, పైన రంపంతో కోసేసినట్టుంది. గొట్టం అంటే మాకు గుండె ఆగుతుంది. అటూ ఇటూ వెతికేను. ముందుకు పద్నాలుగు మీటర్లు వెళ్ళేక అలాంటిదే ఇంకోటి, అదే లావు, అదే లోతు. రెండింటి మధ్యా గొట్టం ఉందేమోనని మూడు చోట్ల తవ్వించేను. ఏమీ లేదు. పాత పంపుసెట్టు తాలూకువో, కంచె స్తంభాలో అనుకున్నాను. రెంటికీ ఎర్ర రిబ్బను కట్టి, ఇంజనీరు వచ్చి చూసేదాకా పూడ్చొద్దని చెప్పేను.

రెండో మొద్దు చుట్టూ గుండ్రంగా డిటెక్టర్ తిప్పుతుంటే, ఒక మీటరు అవతల సన్నగా, స్పష్టంగా ఇంకో మోత వినిపించింది. ఇనుము మోతలా లేదు. ఇత్తడికి, రాగికి మోత గుండ్రంగా ఉంటుంది, వినగా వినగా తెలుస్తుంది. సత్తియ్య మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో మట్టి తీసేడు.

“ఏదో బిళ్ళండి బాబూ. డబ్బు మాత్రం కాదు,” అన్నాడు.

అర్ధరూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది. పచ్చగా చిలుము పట్టింది. వెనక పిన్ను విరిగిపోయిన ఆనవాలు. ముందువైపు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు తెడ్లు, వాటి కింద గుండ్రటి చుక్క, పైన ‘ఎఫ్.సి.’ అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు.

తెడ్లూ, ఎఫ్.సి. అనేసరికి నాకు టక్కున తట్టింది: ఫెర్రీ కంపెనీ. పాతకాలంలో రేవు దాటించే కంపెనీ ఏదో ఉండి ఉంటుంది, పడవవాళ్ళకిచ్చిన బిళ్ళ ఇది అనుకున్నాను. రెండు రోజులు అదే నమ్మకంతో ఉన్నాను. సత్తియ్యకి కూడా చెప్పేను. “ఈ ఊరి రేవులో కంపెనీ ఎప్పుడుందండీ? పడవ మా చినమావయ్యదే కదండి,” అన్నాడు. నేను పట్టించుకోలేదు.

బస చేసిన గదిలో దాన్ని కొబ్బరినూనెలో నానబెట్టేను. రెండో రోజు మెత్తటి గుడ్డతో తుడిస్తే చిలుము కొంత వదిలింది. వెనకవైపు ‘7’ అన్న అంకె బయటపడింది. గుద్ది వేసిన అంకె. ఇక ఆగలేక రాజోలు బజార్లో వీరాచారి గారి దగ్గరికి తీసుకెళ్ళేను. డెబ్భై ఏళ్ళ కంసాలి ఆయన. తరాజు పక్కన పెట్టి, కంటికి భూతద్దం తగిలించుకుని చూసేరు.

“చింతపండు పెట్టి తోమలేదు కదా? నయం. తోముంటే ఈ మీనా కాస్తా లేచిపోను,” అన్నారు. మీనా అంటే లోహం మీద రంగుగాజు కరిగించి పోసే పని. “ఇది అచ్చు కొట్టిన సరుకండి. మన దగ్గర చేసింది కాదు. మద్రాసో, ఇంకా అవతలో.”

“పడవ తెడ్లండీ అవి?” అని అడిగేను.

ఆయన భూతద్దం నాకిచ్చేరు. “మీరే చూడండి. తెడ్డుకి జల్లెడ ఎందుకుంటుంది?”

చూసేను. తెడ్డు వెడల్పుగా ఉన్నచోట వెంట్రుకవాసి గీతలు నిలువుగా, అడ్డంగా ఉన్నాయి. కింద చుక్కలో అంచున పసుపు మీనా పొర మిగిలింది. నాకింకా అర్థం కాలేదు.

“బ్యాట్లండి. ఆ పసుపుది ఉన్నిబంతి. బాల్ బ్యాడ్మింటన్. మా చిన్నతనంలో సాయంకాలమయితే ఈ కోనసీమలో బంతి చప్పుడు వినిపించని ఊరుండేది కాదు. తోటలవాళ్ళు, బడిపంతుళ్ళు అందరూ ఆడేవారు.” బిళ్ళ వెనక్కి తిప్పి గోటితో చూపించేరు. “ఇదొకటి చూడండి. పిన్ను కొండీ ఒకసారి ఊడింది. మళ్ళీ టంకం పెట్టేరు. అది మాత్రం లోకల్ పనే. అంత బాగా కుదర్లేదు.”

ఫెర్రీ కంపెనీ అక్కడితో మునిగిపోయింది. నాకు కొంచెం సిగ్గేసినా, లోపల ఉత్సాహం రెట్టింపయింది. బ్యాడ్జీ ఉందంటే క్లబ్బు ఉండాలి. అంకె ఉందంటే ఆ అంకె ఎవరిదో రాసిన మనిషి ఉండాలి.

మా పనిలో ఒక పద్ధతుంది. పొలంలో ఏ వస్తువు దొరికినా భూమి సొంతదారుకి చూపించి, కాగితం మీద సంతకం పెట్టించుకుని అప్పగించాలి. ఆ ఆదివారం సాయంత్రం భద్రరాజు గారింటికి వెళ్ళేను. అరవై దాటిన మనిషి, తెల్లటి పంచె, మాట నెమ్మది. వరండాలో కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించేరు. నేను సంబరంగా జేబులోంచి బ్యాడ్జీ తీసి చేతిలో పెట్టేను.

“మీ తోటలో దొరికిందండి. బాల్ బ్యాడ్మింటన్ క్లబ్బుదని తేలింది.”

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసేరు. వెనక్కి తిప్పేరు. అంకెని బొటనవేలితో తుడిచేరు.

“ఆయ్. ఫ్రెండ్స్ క్లబ్బు,” అన్నారు. “మాదేనండి. పన్నెండు బ్యాడ్జీలు చేయించేం. మద్రాసు నుంచి పార్సిల్లో వచ్చేయి. నాది నాలుగు.”

“ఏడోది ఎవరిదండి?”

“యేసురత్నంది.” కళ్ళజోడు తీసి అడిగేరు. “తోటలో ఏ పక్క దొరికింది?”

“కాలవ వైపండి.”

ఆయన బ్యాడ్జీని నా ముందున్న స్టూలు మీద పెట్టేసేరు. తీసుకోలేదు. నేనేదో తప్పు చేసినట్టు కూర్చున్నాను. అప్పుడు చెప్పేరు.

నలభై ఏళ్ళ కిందటి మాట. ఆయనకి అప్పుడు ఇరవై, ఇరవైరెండు. హైస్కూలు డ్రిల్లు మాష్టారు ఒకాయన పూనుకుని భద్రరాజు గారి నాన్నగారి ఖాళీ స్థలంలో కోర్టు వేయించి క్లబ్బు పెట్టేరు. ఆటగాళ్ళందరూ రైతుల పిల్లలు. ఒక్క యేసురత్నం మాత్రం ఊరవతల దళితుల పేట నుంచి వచ్చినవాడు. క్రైస్తవుల కుర్రాడు, వాళ్ళ నాన్న భద్రరాజు గారింటి పొలంలోనే పనిచేసేవాడు. డ్రిల్లు మాష్టారు పట్టుబట్టి తీసుకొచ్చేరు, ఎందుకంటే ఆ చుట్టుపక్కల అతనిలా బంతిని కోసి కొట్టేవాడు లేడు. డబుల్స్‌లో భద్రరాజు, యేసురత్నం జోడీ. వరసగా రెండేళ్ళు అమలాపురం పోటీల్లో గెలిచేరు.

క్లబ్బుకి ఒక నిబంధన ఉండేది. బ్యాడ్జీ లేనివాళ్ళు స్థలంలోకి రాకూడదు. ఒకరోజు యేసురత్నం బ్యాడ్జీ కనపడలేదు. కమిటీ కూర్చుని, పోగొట్టుకున్నవాళ్ళకి రెండోది ఇచ్చేది లేదంది. అతని పేరు కొట్టేసేరు. ఆ ఏడాది కెప్టెన్సీకి పోటీ ఉన్నది వీళ్ళిద్దరి మధ్యే. భద్రరాజే తీసి దాచేడని యేసురత్నం నలుగురిలో అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అతను చదువుకుని మేష్టరయ్యేడు, హెడ్మాష్టరుగా రిటైరయ్యేడు, పేటలోనే ఇల్లు కట్టుకున్నాడు. మధ్య దూరం కిలోమీటరు కూడా లేదు.

“నేను తియ్యలేదండి,” అన్నారు భద్రరాజు గారు. “అది నాకు తెలుసు. కానీ కోర్టు ఉన్నది రోడ్డు పక్కని. కాలవ వైపు మా కళ్ళం ఉండేది. యేసురత్నం ఆటకొచ్చినప్పుడు అటు వచ్చే పనే లేదు. ఇది కళ్ళం దగ్గర దొరికిందంటే ఎవరో తెచ్చి పడేసేరు. ఆ ఎవరో మా ఇంటి మనిషే అవ్వాలి. నేను తియ్యలేదని నాకు తెలుసు గాని, మా నాన్నగారు తియ్యలేదని నాకు తెలీదు.”

“ఈ విషయం నా దగ్గరే ఉంచుకోమంటే ఉంచుకుంటానండి,” అన్నాను.

“వద్దు. అలా చేస్తే నలభై ఏళ్ళు అతనన్న మాట ఇవాళ నిజమవుతుంది. అతని వస్తువు అతనికిచ్చెయ్యండి. ఎక్కడ దొరికిందో అది కూడా చెప్పండి. ఖచ్చితంగా చెప్పండి.”

ఖచ్చితంగా అన్న ఆ మాట వల్లే నేను గదికి రాగానే ఫీల్డ్ బుక్కు తీసేను. బ్యాడ్జీ చైనేజి చూసుకుంటే, దాని పైన రెండు వరుసల్లో గొట్టం మొద్దుల లెక్క కనిపించింది. రెండూ మధ్య గీతకి ఎడమ పక్కనే, సరిగ్గా మూడేసి మీటర్ల దూరంలో. ఒకదానికొకటి పద్నాలుగు మీటర్లు. రెండో దానికి ఒక మీటరు అవతల బ్యాడ్జీ. కంచె స్తంభాలైతే పద్నాలుగు మీటర్లకొకటి పాతరు, దగ్గరగా పాతుతారు. పంపుసెట్టుకి రెండు గొట్టాలక్కర్లేదు. ఏదో అనుమానం మొదలైంది కాని, నేను బాల్ బ్యాడ్మింటన్ ఎప్పుడూ ఆడలేదు. కోర్టు ఎంత ఉంటుందో తెలీదు.

మర్నాడు పని అయ్యేక యేసురత్నం మాష్టారింటికి వెళ్ళేను. చిన్న పెంకుటిల్లు, ముందు కనకాంబరాలు. ఆయన భార్య కరుణమ్మ గారు లోపలికి రమ్మన్నారు. మాష్టారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. కుర్చీలో కూడా వీపు ఆన్చకుండా కూర్చునే మనిషి. నేను పరిచయం చెప్పుకుని బ్యాడ్జీ చేతికిచ్చేను. ఆయన ముందువైపు చూడనే లేదు. వెనక్కి తిప్పి టంకం మీద బొటనవేలు పెట్టేరు.

“ఇది నేను పెట్టించిందే,” అన్నారు. “ఎక్కడ దొరికింది?”

“చెప్తానండి. దానికి ముందు ఒక్కటి అడగొచ్చా? మీ కోర్టు కొలతలు గుర్తున్నాయాండి?”

ఆయన నన్ను వింతగా చూసేరు. పాఠం అడిగినట్టే జవాబు చెప్పేరు. “పొడవు ఎనభై అడుగులు, వెడల్పు నలభై. నెట్టు స్తంభాలు గీతకి మూడడుగులు బయట.”

“అంటే స్తంభానికీ స్తంభానికీ నలభై ఆరు అడుగులు.”

“నలభై ఆరు.”

మనసులో లెక్క కట్టేను. పద్నాలుగు మీటర్లు. జేబులో కాగితం తీసి గొట్టాలు రెండూ, మధ్య దూరం, బ్యాడ్జీ ఉన్న చోటూ గీసి చూపించేను. “స్తంభాలు దేంతో చేసినవండి?”

“రెండంగుళాల ఇనుప గొట్టాలు. డ్రిల్లు మాష్టారే తెప్పించేరు.”

“భద్రరాజు గారు కోర్టు రోడ్డు పక్కనుండేదన్నారండి. ఇవి కాలవ వైపున్నాయి.”

“రోడ్డు పక్కనే. కాని ఇప్పుడున్న తారు రోడ్డు అప్పటికి లేదు కదా? అప్పటి రోడ్డు కాలవ గట్టు మీదే. కళ్ళం, కోర్టు రెండూ అటే ఉండేవి. ఆ మరుసటేడు భద్రరాజు చదువుకి కాకినాడ వెళ్ళిపోయేడు. నాలుగేళ్ళకి తిరిగొచ్చేసరికి వాళ్ళ నాన్నగారు స్తంభాలు కోయించి, మట్టి తోలించి కొబ్బరి పెట్టించేసేరు. రోడ్డు కూడా అవతలకి మారిపోయింది. అతనికి గుర్తుండకపోవచ్చు.”

అంతవరకు చెప్పి ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నారు. కాగితం మీద నేను గీసిన చుక్కనే చూస్తున్నారు. వంటగది గుమ్మంలో నిలబడ్డ కరుణమ్మ గారు ఒక అడుగు ముందుకి వేసేరు.

“ఈ చుక్క పక్కనున్న తూర్పు స్తంభానికి కొక్కేలుండేవి,” అన్నారు మాష్టారు చాలా మెల్లగా. “ఆడేటప్పుడు చొక్కాలు దానికే తగిలించేవాళ్ళం. బ్యాడ్జీ చొక్కాకే ఉండేది.”

కరుణమ్మ గారు, “రాజు గారి అమ్మాయి పెళ్ళికి కార్డు పంపించేరు. మనం వెళ్ళలేదు,” అన్నారు. నిష్ఠూరంగా అనలేదు. గుర్తుచేసుకుంటున్నట్టు అన్నారు.

నేను సంబరపడాల్సిన క్షణం అది. చిక్కుముడి విప్పేను, ఎవరూ దొంగ కాదని తేల్చేను. కాని మాష్టారి ముఖంలో తేలికపడిన ఛాయలు లేవు.

“వాళ్ళందరికీ ఇది ఆట గుర్తు,” అన్నారు బ్యాడ్జీ చూపిస్తూ. “నాకు మాత్రం ఇదే గేటు. ఇది ఉంటేనే ఆ స్థలంలోకి మా నాన్నలా పనికి కాకుండా, ఆటకి వెళ్ళగలిగేవాణ్ణి. నాకంటే ముందు పదకొండో నంబరు కుర్రాడు పోగొట్టుకున్నాడు. అతనికి రెండోది తెప్పించి ఇచ్చేరు. నా దగ్గరికొచ్చేసరికి నిబంధన రాసేరు. ఆ మీటింగులో భద్రరాజు ఉన్నాడు. పక్కన కూర్చున్నాడు. ఒక్క మాటన్లేదు. తియ్యనివాడు అలా ఎందుకు కూర్చుంటాడనుకున్నాను. అందుకే దొంగతనం అంటగట్టేను.”

ఆ ఆలోచన నాకు అంతకుముందు రానేలేదు. గొట్టాలూ మీటర్లూ తప్ప నా బుర్రలో ఇంకేమీ లేవు.

బుధవారం పొద్దున్న ఆయన సైకిలు మీద తోటకొచ్చేరు, చోటు చూస్తానని. భద్రరాజు గారికి గొట్టాల సంగతి చెప్పి నేనే కబురు పెట్టేను. ఆయన అప్పటికే కొబ్బరిచెట్టు నీడలో నిలబడి ఉన్నారు. ఇద్దరూ నమస్కారాలు చెప్పుకోలేదు. మాష్టారు తిన్నగా ఎర్ర రిబ్బను దగ్గరికెళ్ళి వంగి, గొట్టం మొద్దు మీద చెయ్యి పెట్టేరు. అక్కణ్ణించి కోర్టు లోపలికి పాదం ముందు పాదం పెట్టి మూడడుగులు వేసి ఆగేరు.

“ఇక్కడ గీత,” అన్నారు ఎవరితోనో అన్నట్టు.

“నెట్టు ఇటు నుంచి అటు,” అన్నారు భద్రరాజు గారు.

“ఆయ్.”

నా టేపు ఒక కొస మాష్టారి చేతిలో, రెండో కొస రాజు గారి చేతిలో. ఇద్దరూ కోర్టంతా కొలిచేరు. వెనక గీత ఒకచోట సరిగ్గా కొబ్బరిచెట్టు మొదట్లోంచి పోయింది. నేను, సత్తియ్య దూరంగా నిలబడ్డాం. కొలవడం అయిపోయేక కూడా టేపు ఇద్దరి చేతుల్లో అలాగే ఉంది.

“మా నాన్న తీసేడేమో అనుకున్నాను రత్నం, ఈ మూడ్రోజులూ,” అన్నారు భద్రరాజు గారు.

“మీ నాన్నగారు తియ్యలేదు. చొక్కా నుంచి ఊడి పడిపోయింది. పిన్ను సరిగ్గా లేదని నాకు ముందే తెలుసు. పారేసుకున్నది నేను, మాట పడ్డది నువ్వు. అది నా తప్పు.”

భద్రరాజు గారు ఒప్పుకున్నట్టు తల ఊపలేదు. “మీటింగులో నేను మాటాడలేదు,” అన్నారు.

“మాటాడలేదు.”

“నీకెందుకివ్వలేదో నాకు తెలుసు.”

“నాకూ తెలుసు. నీ నోటితో వినాలని ఉండేది.”

భద్రరాజు గారు టేపు కొస నేలమీద పెట్టేరు. “నువ్వు పేటవాడివని. ముందురోజు మా ఇంట్లో నాన్న అన్నాడు, ఆ బిళ్ళ పోవడం మంచిదయింది, ఇక గొడవ లేకుండా పంపించెయ్యచ్చని. నేను అన్నం తింటున్నాను. విన్నాను. విని, మర్నాడొచ్చి మీటింగులో కూర్చున్నాను.”

యేసురత్నం మాష్టారు తన చేతిలోని టేపు చుట్టడం మొదలుపెట్టేరు. కోపమొచ్చిందో, తేలికపడ్డారో ముఖం చూసి చెప్పలేకపోయేను. తర్వాత, “ఎండెక్కుతోంది. నీడలోకి రా,” అన్నారు.

ఇద్దరూ చెట్టు కింద కూర్చున్నారు. ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, మేం మా డిటెక్టర్ తీసుకుని ముందుకెళ్ళిపోయేం. మధ్యాహ్నం సంతకం కాగితం పట్టుకుని తిరిగొస్తే, భూమి సొంతదారు అన్న చోట సంతకం పెట్టి, దాని కింద ‘ఈ వస్తువు యేసురత్నం గారిది’ అని తన చేత్తో రాసిచ్చేరు భద్రరాజు గారు. ఆ కాగితాన్ని మా ఆఫీసులో ఎవరూ చదివి ఉండరు.

మే నెలకల్లా మా పని ఇంకో మండలానికి జరిగిపోయింది. 2003లో లైను తనిఖీకి వచ్చినప్పుడు కరుణమ్మ గారు రాజోలు బస్టాండులో కనిపించేరు. మీ మాష్టారు, రాజు గారు కలుసుకుంటున్నారా అని అడిగేను. “రోజూ కాదండి. కలిసినప్పుడల్లా ఏదో వాదనే,” అన్నారు నవ్వుతూ. “రాజు గారి భార్యకి ఒంట్లో బాగోక అమలాపురం ఆసుపత్రిలో ఉన్నప్పుడు మాత్రం ఈయన పదిరోజులు అక్కడే ఉన్నారు. ఇంటికి రమ్మన్నా రాలేదు.”

ఆ సంగతి తర్వాత నేను ఫీల్డ్ బుక్కులో ‘స్క్రాప్’ అన్న మాట రాయడం మానేసేను. మేకైతే మేకని, చువ్వైతే చువ్వని, దేని పక్కన ఎంత దూరంలో ఉందో కూడా రాస్తాను. నా తర్వాత వచ్చినవాళ్ళకీ అదే నేర్పేను. బ్యాడ్జీని ఒక్కదాన్నే చూస్తే అది ఎవరిదో తెలిసింది గాని, ఎలా పడిందో తెలియలేదు. అది చెప్పినవి పనికిరావనుకున్న రెండు గొట్టం ముక్కలు.

నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. దాన్ని కొత్తవాళ్ళకి నేర్పడం నాకు చేతకాలేదు. పద్నాలుగు మీటర్ల లెక్క సరిపోగానే వాళ్ళిద్దరి మధ్య ఉన్నది కూడా సరిపోయిందనుకున్నాను. బ్యాడ్జీ ఎవరూ తియ్యలేదని మాత్రమే నా లెక్క చెప్పింది. ఆ తోటలో అసలు చెప్పుకోవలసిన మాటని భద్రరాజు గారే, ఎండలో నిలబడి, తనంతట తాను చెప్పేరు.